ఒంట్లో బాగానే ఉన్నవాళ్లకు కరోనా పరీక్ష: కోవిసెల్ఫ్ కిట్టు, ల్యాబ్ ఆర్‌టీపీసీఆర్ ఏ మేరకు పనికొస్తాయి?

జ్వరం లేదు, దగ్గు లేదు, వాసన తెలుస్తోంది, అన్నం సహిస్తోంది. అయినా పరీక్ష చేయించుకోవాల్సిన పని పడింది. ఇంట్లో ఒకరికి పాజిటివ్ వచ్చి ఉండొచ్చు. పక్క గదిలో డయాలసిస్ మీదున్న పెద్దాయన ఉండొచ్చు. వెళ్లబోయే చోట రిపోర్టు అడుగుతూ ఉండొచ్చు. అప్పుడు మెడికల్ షాపులో కిట్టు కొనాలా, ల్యాబ్‌కి ఫోన్ చేసి మనిషిని పిలిపించుకోవాలా? ఈ సమీక్ష అచ్చంగా ఆ ప్రశ్న గురించే. లక్షణాలున్నవాళ్ల లెక్క వేరు. కిట్ల ప్రచారంలో వినపడే పెద్ద పెద్ద శాతాలు ఎక్కువగా వాళ్ల మీద తేలినవే. అవే అంకెలు పట్టుకొచ్చి ఏ లక్షణమూ లేనివాళ్లకు అతికించడం దగ్గరే మోసపోతాం.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. కోవిసెల్ఫ్ లాంటి ఇంటి కిట్టు ఒక్క పనికి బాగుంటుంది: పాజిటివ్ మనిషితో ఒకే ఇంట్లో మెలిగినవాళ్లకు, పాజిటివ్ అని చెప్పే రెండో గీత వస్తే నమ్మొచ్చు. గీత రాకపోతే మాత్రం దాన్ని పట్టుకుని పెళ్లికి బయల్దేరకండి. ల్యాబ్ ఆర్‌టీపీసీఆర్, అంటే వైరస్ జన్యు పదార్థాన్ని వెతికే పరీక్ష, అంతకంటే చాలా మెరుగు. కానీ దాని ఫలితాన్ని తేల్చేది మిషన్ కాదు. ఏ రోజున స్వాబ్ (ముక్కులో, గొంతులో తిప్పి తీసే దూది పుల్ల) తీశారు, తీసిన చెయ్యి ఎలాంటిది, అదే తేలుస్తుంది.

కోవిసెల్ఫ్ కిట్టు

పుణేలోని మైల్యాబ్ డిస్కవరీ సొల్యూషన్స్ తయారీ. 2021 మే నెలలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఆమోదం వచ్చింది. ఇంట్లో ఎవరికి వారే చేసుకునే కరోనా కిట్లలో మన దేశంలో ఇదే మొదటిది. విడుదల ధర పన్నులతో కలిపి 250 రూపాయలు. డబ్బాలో ముందే ద్రవం నింపిన చిన్న ట్యూబు, ఒక స్వాబ్, టెస్ట్ కార్డు, వాడాక పారేసేందుకు సంచి, సూచనల కాగితం ఉంటాయి.

ఆమోదంతో పాటు ఐసీఎంఆర్ ఇచ్చిన సూచనల్లోనే ఒక షరతు ఉంది. ఇంటి పరీక్ష లక్షణాలున్నవాళ్లకు, ల్యాబ్‌లో పాజిటివ్ తేలినవాళ్లతో దగ్గరగా మెలిగినవాళ్లకు మాత్రమే, ఎవరు పడితే వాళ్లు చేసుకోవద్దు అని స్పష్టంగా రాశారు. అంటే ‘ఊరికే ఓసారి చూసుకుందాం’ అని కొనేవాళ్ల కోసం ఈ కిట్టుకు ఆమోదం ఇవ్వలేదు. షాపులో ఈ మాట ఎవరూ చెప్పరు.

వాడే పద్ధతి చూడ్డానికి తేలికే. తప్పులు జరిగేవి కూడా ఆ తేలికైన చోట్లే. ముందు ఫోన్‌లో యాప్ వేసుకుని వివరాలన్నీ నింపేయాలి. కార్డు కవరు చించాక ఓటీపీ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే కార్డు గాలిలోని తేమ పీలుస్తుంది. ట్యూబును టేబుల్ మీద నిలువుగా రెండు మూడు సార్లు తట్టాలి, ద్రవమంతా అడుక్కి దిగాలి. మూతకి అంటుకున్న నాలుగు చుక్కలు మూత తీయగానే నేల పాలవుతాయి, తర్వాత కార్డు మీద వేయడానికి చాలవు.

స్వాబ్‌ను రెండు ముక్కు రంధ్రాల్లోనూ 2 నుంచి 4 సెంటీమీటర్ల లోపలికి పెట్టి, ఒక్కోదాంట్లో ఐదేసి సార్లు గుండ్రంగా తిప్పాలి. ఎక్కువ మంది చేసేది ముక్కు అంచున వెంట్రుకల దగ్గర దూదిని అలా ఆనించి తీసేయడం. తుమ్ము వస్తుందని భయం. కావాల్సింది చీమిడి కాదు, లోపలి గోడకి ఉండే కణాలు. వైరస్ పెరిగేది వాటిలోనే. అందుకే తిప్పేటప్పుడు గోడకి కాస్త ఒత్తిడి తగలాలి. ముక్కు కారుతుంటే ముందు చీదుకుని అప్పుడు మొదలుపెట్టండి.

తర్వాత స్వాబ్‌ను ట్యూబులో ముంచి, ట్యూబు అడుగును వేళ్లతో నొక్కిపట్టి, పదిసార్లు తిప్పాలి. గీత పెట్టిన చోట పుల్ల విరిచి, మూత బిగించి, కార్డు గుంటలో రెండు చుక్కలు వేయాలి. రెండంటే రెండే. బుడగ పడితే అది చుక్క కాదు. మూడు నాలుగు చుక్కలు వేస్తే ద్రవం వరదలా పొర్లి, రంగు కణాలు గీత దగ్గర ఆగకుండా కొట్టుకుపోతాయి. పదిహేను నిమిషాలకు చూడాలి. 20 నిమిషాలు దాటాక కనపడేది లెక్కలోకి రాదు. పొర ఎండేకొద్దీ బూడిదరంగు నీడ ఒకటి గీతలా తేలుతుంది. చెత్తబుట్టలోంచి కార్డు మళ్లీ తీసి ‘అయ్యో రెండో గీత వచ్చిందే’ అని ఇల్లంతా హడలగొట్టేది ఈ నీడే.

ఇప్పుడు అసలు విషయం. కార్డు మీద సీ అక్షరం దగ్గరి గీత (కంట్రోల్ గీత) వస్తే పరీక్ష సవ్యంగా జరిగిందని కాగితం చెబుతుంది. నిజానికి ఆ గీత చెప్పేది ఒక్కటే: ద్రవం ఈ చివర నుంచి ఆ చివరకు పారింది, దారిలో రంగు కణాలు పనిచేశాయి. స్వాబ్ ముక్కులోకి వెళ్లిందో లేదో దానికి తెలియదు. కవర్లోంచి తీసిన కొత్త స్వాబ్‌ను నేరుగా ట్యూబులో ముంచి చేసినా సీ గీత చక్కగా, నిండుగా వస్తుంది, వైరస్ ఉంటే రావాల్సిన టీ గీత రాదు. దాన్ని మనం నెగెటివ్ అంటాం. అంటే సరిగా తీయని స్వాబూ, నిజంగా వైరస్ లేని ముక్కూ కార్డు మీద ఒకేలా కనపడతాయి. స్వాబ్‌లో మనిషి కణాలు ఉన్నాయా అని చూసుకునే దారి ఈ కిట్టులో లేదు. ల్యాబ్ పరీక్షలో ఉంది. దాని సంగతి కింద చెబుతాం.

ఎండ సంగతి కూడా చెప్పాలి. ఇలాంటి కిట్లను 2 నుంచి 30 డిగ్రీల మధ్య దాచాలి. మన రెంటచింతలలో, రామగుండంలో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఏసీ లేని షాపు అరలో, డెలివరీ కుర్రాడి సంచిలో, బండి డిక్కీలో గంటల తరబడి మగ్గిన కిట్టులో వైరస్‌ను పట్టుకునే యాంటీబాడీలు ప్రొటీన్లే కదా, వేడికి బలహీనపడతాయి. బలంగా ఉండే సీ గీత అప్పటికీ రావచ్చు, పల్చటి టీ గీత మాత్రం రాకుండా పోవచ్చు. ఎండాకాలంలో కొంటే ఏసీ ఉన్న షాపులోనే కొనండి. ఫ్రిజ్‌లో పెట్టి ఉంటే బయటికి తీసి, గది వేడికి వచ్చాకే కవరు విప్పండి.

మరి ఎంత మందిని పట్టుకుంటుంది? కోవిసెల్ఫ్ ఒక్కదాని గురించి కాదు, ఈ తరహా యాంటిజెన్ పరీక్షలన్నిటి (వైరస్ ప్రొటీన్‌ను వెతికేవి) అధ్యయనాలను కలిపి చూసిన 2022 కోక్రేన్ సంస్థ సమీక్షలో, లక్షణాలున్న సోకినవాళ్లలో 73 శాతాన్ని ఇవి పట్టుకున్నాయి. లక్షణాలు లేనివాళ్లలో 54.7 శాతాన్నే. 2020 నవంబర్‌లో ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో లక్షణాలు లేని ఊరి జనానికి వేరే కంపెనీ కిట్టుతో పరీక్షలు చేసినప్పుడు సోకినవాళ్లలో దొరికింది 40 శాతమే. కారణం చిన్నదే. ఆర్‌టీపీసీఆర్ ఉన్న కాస్త వైరస్ జన్యు పదార్థాన్ని కోట్ల రెట్లు పెంచి చూస్తుంది. కిట్టు పెంచదు, ఉన్న ప్రొటీన్ ఉన్నట్టే గీత దగ్గర పోగుపడాలి. వైరస్ బాగా ఎక్కువగా ఉన్న రెండు మూడు రోజుల్లో కిట్టూ పట్టేస్తుంది. లక్షణాలున్నవాళ్లకు ఆ రోజులేవో జ్వరమే చెబుతుంది. లక్షణాలు లేనివాళ్లు ఆ రోజుల్ని ఊహించి పరీక్ష చేసుకోవాలి.

రెండో వైపు కూడా చూడండి. ఒక లెక్క వేద్దాం. ఊళ్లో వెయ్యికి ఐదుగురికే వైరస్ ఉందనుకోండి. పదివేల మంది ఆరోగ్యంగా కనపడేవాళ్లు కిట్టు వాడారు. సోకినవాళ్లు 50 మంది, వాళ్లలో కిట్టుకు దొరికేది 27 మంది. మిగతా 9,950 మందిలో వెయ్యికి ఐదుగురికి తప్పుడు గీత వచ్చినా దాదాపు 50 మంది. పాజిటివ్ అని భయపడ్డ 77 మందిలో 50 మందికి అసలు ఏమీ లేదు. అదే పదివేల మందీ పాజిటివ్ ఇళ్లలోని మనుషులైతే, పదికి ఒకరికి సోకి ఉంటే, నిజం గీతలు 547, తప్పుడువి 45. అదే కిట్టు, అదే కార్డు. నమ్మకం మాత్రం ఎవరు వాడారన్న దాన్ని బట్టి తలకిందులైంది. ఐసీఎంఆర్ ‘ఎవరు పడితే వాళ్లు వద్దు’ అన్నది దీనికే.

అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022లో ఇంకో దారి చెప్పింది. లక్షణాలు లేనివాళ్లు ఒక్క కిట్టుతో ఆపకుండా 48 గంటలకు ఒకటి చొప్పున మూడు కిట్లు వాడాలి. పద్ధతి మంచిదే, మేమూ ఒప్పుకుంటాం. కాకపోతే విడుదల ధర లెక్కనే 250 రూపాయల కిట్టు మూడింతలై 750 అయింది. దానికంటే సరైన రోజున ఒక్క ఆర్‌టీపీసీఆర్ నయం.

ల్యాబ్ ఆర్‌టీపీసీఆర్

మొదట, ఏ రోజున చేయించుకోవాలన్న సంగతి. నిన్న రాత్రి కలిసి భోంచేసిన స్నేహితుడికి ఇవాళ పాజిటివ్ అని తెలిసింది, వెంటనే ల్యాబ్‌కి పరిగెత్తారు. ఆ డబ్బు దండగ. వైరస్ గొంతులోకి చేరాక పరీక్షకు అందేంత పెరగడానికి టైం పడుతుంది. 2020లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం, వైరస్ తగిలిన మొదటి రోజు ఆర్‌టీపీసీఆర్ దాదాపు అందరినీ వదిలేసింది, నాలుగో రోజున 67 శాతాన్ని వదిలేసింది, ఎనిమిదో రోజుకి ఆ తప్పు 20 శాతానికి తగ్గింది. ఒమిక్రాన్ రకాలు ఇంకాస్త త్వరగా, సుమారు మూడు రోజుల్లోనే బయటపడతాయి. మన ఐసీఎంఆర్ 2020లోనే పెట్టిన నియమం, లక్షణాలు లేని దగ్గరివాళ్లకు కలిసిన ఐదో రోజు నుంచి పదో రోజు మధ్య ఒక్కసారి పరీక్ష చేయాలని. ఇవాళ్టికీ ఐదో రోజు మంచి రోజే. ఈలోపు మాస్కు పెట్టుకుని విడిగా ఉండటం తప్ప పరీక్షతో ఒరిగేది లేదు.

తర్వాత స్వాబ్. ఈ సేవలో సగం విలువ ఇక్కడే ఉంది. టెక్నీషియన్ తల కొంచెం వెనక్కి వంచమంటాడు. ముక్కులో స్వాబ్ పైకి కళ్ల వైపు పోకూడదు, అంగిలికి సమాంతరంగా నేరుగా వెనక్కి పోవాలి. ఎంత లోపలికి అంటే, వెనక గోడకి ఆనేదాకా. ఆనిన చోట కొన్ని క్షణాలు ఉంచి, మెల్లగా తిప్పుతూ తీయాలి. కళ్లలో నీళ్లు తిరుగుతాయి, తిరగాలి కూడా. ‘అబ్బ, ఎంత సుతారంగా తీశాడో’ అని ఎవరికైనా ఐదు నక్షత్రాలు ఇచ్చేముందు ఒకసారి ఆలోచించండి. గొంతు స్వాబ్ అయితే టాన్సిల్స్, వెనక గోడ మీద రాయాలి. నాలుక మీద రుద్ది తీస్తే వచ్చేది ఉమ్మి. ముక్కు దూలం వంకరగా ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ముందే చెప్పండి.

ఇంటికొచ్చి శాంపిల్ తీసేవాళ్లలో చూడాల్సినవి ఇవి: కొత్త గ్లవ్స్ మీ ముందే వేసుకున్నాడా, ట్యూబు మీద మీ పేరు స్వాబ్ తీయకముందే రాశాడా, స్వాబ్ పుల్ల ప్లాస్టిక్‌దేనా. చెక్క పుల్లలు, కాల్షియం ఆల్జినేట్ దూది పీసీఆర్ చర్యను అడ్డుకుంటాయి, వాడకూడదు. ట్యూబులో 2 నుంచి 3 మిల్లీలీటర్ల వీటీఎం, అంటే వైరస్‌ను చెడకుండా దాచే ద్రవం ఉంటుంది. దూది ఉన్న చివర పూర్తిగా మునగాలి. మూత బిగించాక ట్యూబు ఐస్ ప్యాకులున్న పెట్టెలోకి పోవాలి, భుజాన వేసుకున్న సంచిలోకి కాదు. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంటే శాంపిల్ ఐదు రోజుల వరకు ఆగుతుంది. ఎండలో ఐదు గంటలు తిరిగితే ఆ మాట చెల్లదు. ఫోన్‌లో బుక్ చేసేటప్పుడే అడగండి: మీ పెట్టె ల్యాబ్‌కి ఎన్నింటికి చేరుతుంది? సమాధానం చెప్పలేకపోతే సెంటర్‌కి వెళ్లి ఇవ్వడమే మంచిది.

ఇక ట్యూబు లోపలికి వెళ్లాక ఏమవుతుందో దగ్గర నుంచి చూద్దాం, ఎందుకంటే ‘ఆర్‌టీపీసీఆర్ ఒక్క వైరస్ ఉన్నా పట్టేస్తుంది’ అన్న నమ్మకం ఇక్కడే కరిగిపోతుంది. ట్యూబులో 3 మిల్లీలీటర్లు, అంటే 3,000 మైక్రోలీటర్లు. అందులో 3,000 వైరస్ ప్రతులు కలిశాయనుకోండి. ఆర్ఎన్ఏ (వైరస్ జన్యు పదార్థం) తీయడానికి ల్యాబ్ సాధారణంగా తీసుకునేది 200 మైక్రోలీటర్లు, అంటే 200 ప్రతులు. శుద్ధి చేసి 50 మైక్రోలీటర్ల ద్రవంలోకి దింపుతారు. ఆ 50లో పీసీఆర్ మిషన్ ప్లేటులోని గుంటలోకి వెళ్లేది 10 అనుకుందాం. చివరికి మిషన్ ముందుకొచ్చింది 40 ప్రతులు, అదీ దారిలో ఒక్కటీ పోకపోతే. మూడువేలతో బయల్దేరిన జాతర గుడి దగ్గరికి చేరేసరికి నలభై మంది మిగిలినట్టు. స్వాబ్ పైపైన తీసి మొదట్లోనే 300 ప్రతులే ఎక్కితే, గుంటలోకి నాలుగు వెళ్తాయి. మిషన్ ఎంత ఖరీదైనదైనా లేనిదాన్ని చూపించలేదు.

ఆ తర్వాత ఎంజైము ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మారుస్తుంది, మిషన్ వేడి చేస్తూ చల్లారుస్తూ 40 నుంచి 45 చక్రాలు తిప్పుతుంది. ఒక్కో చక్రానికి రెట్టింపు. ప్రతులు పెరిగేకొద్దీ పెరిగే వెలుగు ఎన్నో చక్రంలో హద్దు దాటిందో అదే సీటీ విలువ. పది రెట్లు తక్కువ వైరస్ ఉంటే సుమారు 3.3 చక్రాలు ఆలస్యం.

ఇక్కడే ఇంతకుముందు కిట్టు దగ్గర చెప్పిన లోపాన్ని ల్యాబ్ పరీక్ష సరిదిద్దుతుంది. చాలా కిట్లు వైరస్ జన్యువులతో పాటు ఆర్‌నేజ్-పి అనే మనిషి జన్యువును కూడా వెతుకుతాయి. అది కనపడితే స్వాబ్ మీద మనిషి కణాలు ఉన్నట్టే. అదీ కనపడకపోతే ఫలితం నెగెటివ్ కాదు, చెల్లదు, మళ్లీ తీయాలి. కానీ అన్ని కిట్లూ ఇలా చేయవు. కొన్నిటిలో, ఉదాహరణకు థర్మోఫిషర్ వాళ్ల టాక్‌పాత్‌లో, ఎంఎస్2 అనే హానిలేని ఫేజ్‌ను (బ్యాక్టీరియాకు సోకే వైరస్) ల్యాబ్‌లోనే కలుపుతారు. అది కనపడితే ఆర్ఎన్ఏ తీయడం సరిగ్గా జరిగిందని తెలుస్తుంది, స్వాబ్ ముక్కును తాకిందో లేదో మాత్రం తెలియదు. రెండూ రిపోర్టులో ‘ఇంటర్నల్ కంట్రోల్’ అనే ఒకే పేరుతో ఉంటాయి. లక్షణాలు లేని మనిషి నెగెటివ్ రిపోర్టును దేనికైనా ఆధారం చేసుకోబోతుంటే, ల్యాబ్‌ని అడగాల్సిన ఒక్క ప్రశ్న ఇదే: మీ ఇంటర్నల్ కంట్రోల్ మనిషి జన్యువా, కలిపిందా? అడిగితే కౌంటర్ దగ్గర తెల్లమొహం వేస్తారు, మైక్రోబయాలజిస్టుతో మాట్లాడతామని చెప్పండి.

రిపోర్టు చదవడం

మంచి రిపోర్టులో వెతికిన జన్యువుల పేర్లు, ఒక్కోదాని సీటీ, కిట్టు పేరు, శాంపిల్ తీసిన టైం ఉంటాయి. ‘డిటెక్టెడ్, నాట్ డిటెక్టెడ్’ అని ఒక్క ముక్క రాసిచ్చేవాళ్లకు మేం తక్కువ మార్కులే వేస్తాం. సీటీకి ఐసీఎంఆర్ పెట్టిన హద్దు 35. ఆ లోపు వస్తే పాజిటివ్. 2021లో ఈ హద్దును 24కి తగ్గించొచ్చా అని మహారాష్ట్ర అడిగితే, అలా చేస్తే చాలామంది సోకినవాళ్లు తప్పిపోతారని ఐసీఎంఆర్ ఒప్పుకోలేదు.

లక్షణాలు లేనివాళ్లలో చిక్కు తెచ్చేది 33, 34 దగ్గర వచ్చే సీటీ. దానికి మూడు అర్థాలు. వైరస్ ఇప్పుడిప్పుడే పెరుగుతోంది, రేపటికి 22 అవుతుంది. లేదా ఎప్పుడో వచ్చి తగ్గిపోయిన జబ్బు తాలూకు తునకలు మిగిలాయి. ఇవి వారాల తరబడి, కొందరిలో మూడు నెలల దాకా కనపడతాయి, అంటించే శక్తి ఉండదు. లేదా పక్క గుంటలోని బలమైన పాజిటివ్ నుంచి ఒక తుంపర పడింది. ఈ మూడిట్లో ఏదన్నది ఒక్క రిపోర్టుతో తేలదు. 24 నుంచి 48 గంటల్లో అదే ల్యాబ్‌లో, అదే కిట్టుతో మళ్లీ చేయించాలి. సీటీ దిగితే జబ్బు ఎక్కుతున్నట్టు, పెరిగితే దిగుతున్నట్టు. వేరే ల్యాబ్‌లో చేయించి సీటీలు పోల్చడం అంటే ఒకరి శేరుతో కొలిచి ఇంకొకరి తవ్వతో సరిచూసుకోవడమే. కిట్టు మారితే అంకె మారుతుంది.

మూడో అర్థం మీద అనుమానం ఉంటే కొత్త స్వాబ్ ఇవ్వకముందే ఇంకోటి అడగొచ్చు. మీ ట్యూబులో ఇంకా 2 మిల్లీలీటర్లకు పైగా మిగిలే ఉంటుంది. దాన్నుంచి మళ్లీ మొదటి నుంచి ఆర్ఎన్ఏ తీసి చేయమనండి. ప్రతి ప్లేటులోనూ శాంపిల్ ఏమీ వేయని ఖాళీ గుంట ఒకటి ఉండాలి. అందులో వెలుగు వస్తే ఆ ప్లేటు మొత్తం పారేయాల్సిందే. జాగ్రత్త గల ల్యాబ్ ఇది అడగకుండానే చేస్తుంది.

ఒకే జన్యువు పాజిటివ్, మిగతావి లేవు అంటే గోడ మీద పిల్లి. ‘ఇన్‌కన్‌క్లూజివ్’ అని రాస్తారు. కంగారు పడక్కర్లేదు, మళ్లీ స్వాబ్ ఇవ్వండి. ఆల్ఫా, తొలి ఒమిక్రాన్ రకాల్లో ఎస్ జన్యువు మాత్రమే కనపడకపోవడం వేరే కథ. అది ఆ రకాల్లోని మార్పు వల్ల వచ్చింది, ల్యాబ్ తప్పు కాదు.

ఐదుగురిది కలిపి ఒకటిగా

కంపెనీలు, హాస్టళ్లు ఒకేసారి వందల మందికి చేయించేటప్పుడు ధర బాగా తగ్గించి చెబితే, అది పూలింగ్ కావొచ్చు. నలుగురైదుగురి శాంపిళ్లు కలిపి ఒకే పరీక్ష చేస్తారు, నెగెటివ్ అయితే అందరూ నెగెటివ్, పాజిటివ్ అయితే ఒక్కొక్కరిదీ విడిగా. ఇది మోసం కాదు. ఐసీఎంఆర్ 2020 ఏప్రిల్‌లోనే దీనికి పద్ధతి చెప్పింది: ఐదు శాంపిళ్లకు మించకూడదు, పాజిటివ్ రేటు 2 శాతం లోపు ఉన్న చోట వాడొచ్చు, 2 నుంచి 5 మధ్య ఉంటే సర్వేలకూ లక్షణాలు లేనివాళ్ల నిఘాకే, 5 దాటితే వద్దు. ఇందాకటి లెక్కలోకి తెస్తే, గుంటలోకి వెళ్లే 40 ప్రతులు 8 అవుతాయి. సీటీ సుమారు 2.3 పెరుగుతుంది. 28 ఉన్న మనిషి 30తో దొరికిపోతాడు, 35 దగ్గరున్న మనిషి జారిపోతాడు. గుంపుకి మంచి పద్ధతి. ఇంట్లో పెద్దవాళ్లను చూసుకోవడానికి వెళ్తున్న ఒక్క మనిషికి కాదు. మీ శాంపిల్ పూల్ చేస్తున్నారా అని అడిగే హక్కు మీకుంది.

ట్రూనాట్ గురించి రెండు మాటలు. గోవాలోని మోల్‌బయో తయారు చేసిన ఈ చిన్న మిషన్ మొదట క్షయ కోసం వచ్చింది. బ్యాటరీతో నడుస్తుంది, చిప్పు మీద ఒక్కో శాంపిల్‌గా చేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో పెద్ద ల్యాబ్ లేని చోట్ల ఇదే ఆదుకుంది. ముందు వైరస్‌లోని ‘ఇ’ (E) అనే జన్యువు చూసి, పాజిటివ్ అయితే ఆర్‌డీఆర్‌పీ అనే ఇంకో జన్యువుతో ఖాయం చేస్తుంది. యాంటిజెన్ కిట్టుకంటే ఎంతో మేలు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ తెచ్చిన పొడి స్వాబ్ పద్ధతికి 2020 నవంబర్‌లో ఐసీఎంఆర్ అనుమతి వచ్చింది. వీటీఎం లేకుండా, ఆర్ఎన్ఏ విడిగా తీయకుండా, స్వాబ్‌ను బఫర్ అనే ద్రవంలో నానబెట్టి వేడి చేసి నేరుగా పీసీఆర్‌కి పంపుతారు. తెలివైన పద్ధతి, మామూలు ల్యాబుల్లో ఇంకా విరివిగా వాడాల్సింది. నాగ్‌పుర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్ల ఉప్పునీళ్లు పుక్కిలించే పద్ధతి చిన్నపిల్లలకు బాగుంటుంది, అందుబాటులో ఉంటే.

ధర, ప్రయాణం

2020 మార్చిలో ప్రైవేటు ల్యాబులకు కేంద్రం పెట్టిన పరిమితి 4,500 రూపాయలు. అదే ఏడాది జూన్‌లో తెలంగాణ 2,200 అని, ఇంటికొస్తే 2,800 అని నిర్ణయించింది. తర్వాత కిట్ల ధరలతో పాటు ఇదీ బాగా దిగింది. అందుకని తక్కువ ధర చూసి అనుమానించక్కర్లేదు. అనుమానించాల్సింది స్వాబ్ తీయకుండానే రిపోర్టు ఇచ్చేవాళ్లను. 2021 హరిద్వార్ కుంభమేళాలో యాత్రికులకు చేసినట్టు చూపిన పరీక్షల్లో భారీగా నకిలీలున్నాయన్న ఆరోపణ మీద దర్యాప్తు జరిగింది. ఆరోగ్యంగా కనపడేవాళ్లకు కోటా పెట్టి చేసే పరీక్షల్లో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది, ఎందుకంటే నెగెటివ్ వస్తే ఎవరూ మళ్లీ అడగరు.

జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లు 2021లో దీని బాధ బాగా పడ్డారు. దుబాయ్‌కి 48 గంటల్లోపు ఆర్‌టీపీసీఆర్, మళ్లీ విమానాశ్రయంలో ర్యాపిడ్ పీసీఆర్. ఆ నియమాలు పోయాయి, మళ్లీ ఎప్పుడైనా వస్తే గుర్తుంచుకోవాల్సినవి రెండు. గడియారం మొదలయ్యేది స్వాబ్ తీసిన నిమిషం నుంచి, రిపోర్టు వచ్చిన నిమిషం నుంచి కాదు. రెండోది పేరు. మనవాళ్ల ఇంటిపేరు ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. రిపోర్టు మీద పేరు, పాస్‌పోర్టు నంబరు పాస్‌పోర్టులో ఉన్నట్టే పడాలి. శాంపిల్ ఇచ్చేటప్పుడు పాస్‌పోర్టు చేతికిచ్చి, టైపు చేసింది మీరే చదువుకోండి. తర్వాత మార్పించాలంటే అప్పటికే నమోదైన రికార్డు సరిచేయించాలి, విమానం ఆగదు.

కొనకూడనివి

యాంటీబాడీ పరీక్ష ఇప్పుడు వైరస్ ఉందో లేదో చెప్పదు. ఎప్పుడో సోకిందా అన్నదానికి కూడా టీకా వేసుకున్నాక చిక్కే. వైరస్ పైనుండే ముళ్ల (స్పైక్) మీద పనిచేసే యాంటీబాడీలు టీకాతోనూ వస్తాయి. కొవాగ్జిన్ పూర్తి వైరస్‌ను నిర్వీర్యం చేసి తీసినది కాబట్టి వైరస్ లోపలి ‘ఎన్’ ప్రొటీన్ మీది యాంటీబాడీలూ రావచ్చు. ఏ లక్షణమూ లేకుండా సీటీ స్కాన్ తీయించుకోవడం అయితే రేడియేషన్‌ను డబ్బిచ్చి కొనుక్కోవడమే. సీటీ విలువకీ సీటీ స్కాన్‌కీ సంబంధం లేదని వేరే చెప్పాల్సి రావడం మన ఖర్మ.

2022 జనవరి 10న ఐసీఎంఆర్ ఇచ్చిన సూచనల ప్రకారం, సమాజంలో తిరిగే లక్షణాలు లేనివాళ్లకు పరీక్ష అక్కర్లేదు. పాజిటివ్ మనిషితో మెలిగినా వయసు 60 దాటడం, షుగరు, బీపీ, కిడ్నీ, ఊపిరితిత్తుల జబ్బు, క్యాన్సర్, ఊబకాయం లాంటివి ఉంటేనే చేయించాలి. ఆపరేషన్‌కు ముందు, కాన్పుకు ముందు కూడా లక్షణాలు లేకపోతే తప్పనిసరి కాదు. పరీక్ష జరగలేదని అత్యవసర ఆపరేషన్ ఆపకూడదనీ అందులో ఉంది.

లక్షణాలు లేకుండానే పాజిటివ్ వచ్చిందనుకోండి. వారం తిరక్కముందే నెగెటివ్ రిపోర్టు తెమ్మని ఆఫీసువాళ్లు అడగడం కరోనా రోజుల్లో మామూలైపోయింది. తునకలు మిగిలి ఉంటే ఆర్‌టీపీసీఆర్ ఇంకో నెల వరకూ పాజిటివ్ అంటూనే ఉండొచ్చు. ఒకసారి పాజిటివ్ తేలినవాళ్లకు మళ్లీ ఆర్‌టీపీసీఆర్ చేయొద్దని 2021 మే 4నే ఐసీఎంఆర్ చెప్పింది. 2022 జనవరి హోమ్ ఐసొలేషన్ నియమాల్లో పాజిటివ్ వచ్చిన రోజు నుంచి కనీసం ఏడు రోజులు, చివరి మూడు రోజులు జ్వరం లేకుండా ఉంటే చాలు, మళ్లీ పరీక్ష అక్కర్లేదని ఉంది. ఇప్పటికీ ఎవరైనా అడిగితే హెచ్ఆర్ వాళ్లకు రెండో రిపోర్టు బదులు ఆ కాగితం పంపండి.